ఫోన్‌లో వదులుకున్న పేరు

మాదాపూర్‌లో మా కంపెనీ వెబ్‌సైట్ల పేర్లన్నీ చూసుకునే అక్క ఒకావిడ ఉండేది. వాడుకలో లేని పేరును అమ్మేసే ముందు, దాన్ని మొదట పెట్టిన మనిషికి ఫోన్ చేసి అడిగేది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు, మా కంపెనీలో ఉద్యోగం పోయి చందానగర్‌లో ఖాళీగా ఉంటున్న ఇంజినీరుకు చేసింది. అప్పుడు అమ్మబోతున్నది, పిల్లలకు లెక్కలు నేర్పే మా యాప్‌కు, దాని వెబ్‌సైట్‌కు ఆయన పెట్టిన పేరు. ఆ యాప్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది.

"అన్నా, నువ్వు పెట్టిన పేరును ఎవరో కొంటమంటున్నరు. ఇచ్చెయ్యమంటవా?"

"ఇచ్చేయండి, ఇంక నాకెందుకండీ," అన్నాడాయన.

మధ్యాహ్నానికి పేరు చేతులు మారింది. సాయంత్రం ఆయనే ఆఫీసుకొచ్చాడు. యాప్‌ను సొంతంగా మళ్లీ మొదలుపెడతాడట, ఆ పేరే కావాలట. అక్క అప్పటికప్పుడు కొన్నవాళ్లను బతిమాలింది. వాళ్లు ఒప్పుకోలేదు.

"పర్లేదండి, మీరు అడిగారు కదా," అని ఆయనే ఆమెను ఓదార్చి వెళ్లిపోయాడు. వేరే పేరుతోనైనా మొదలుపెట్టినట్టు మాకెప్పుడూ తెలియలేదు.

ఆ తర్వాత అక్క ఫోన్‌లో అడగడం మానేసింది. కోకాపేటైనా, కూకట్‌పల్లైనా, ఆ మనిషి ఇంటికే వెళ్లేది. ఎందుకంత పరేషాన్ అని ఒకసారి అడిగాను.

"ఫోన్‌ల గొంతే ఇనబడ్తది. ఆ పొద్దు ఆయన మొకం చూసుంటే, ఇస్తుంటినా?" అంది.