రెండు కొట్ల మధ్య బీరువా

అమ్మమ్మకు మోకాళ్ళు బాగుండవు. నిండు బకెట్టు ఎత్తడమంటే ఆమెకు భయం. నాన్నమ్మకు నడుము నొప్పి. కింద పడ్డ చెంచా తియ్యాలన్నా ఎవరినో ఒకరిని కేకేస్తుంది. అలాంటి ఇద్దరూ సాయంత్రమయ్యేసరికి, ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూచుని, మేడమెట్ల మీంచి ఇనప బీరువాలు దింపుతారు.

ఆట అది. సామాన్లు మోసే కూలీల ఆట. ఒకరు ముందు పట్టుకోవాలి, ఒకరు వెనక. మైకులో మాట్లాడుకుంటూ ఇద్దరూ కలిసి అడుగెయ్యాలి, కలిసి మలుపు తిరగాలి. ఒకరు తొందరపడితే బీరువా గోడకు గుద్దుకుంటుంది, ఇంకొకరు ఆలస్యం చేస్తే కిందున్నవాళ్ళ మీద కూలుతుంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళ చేత ఆడించాల్సిన ఆట అని అమ్మ అంటుంది. ఆడుతున్నది మాత్రం అమ్మకు తల్లీ, అమ్మకు అత్తగారూ.

ఈ ఆట రాకముందు ఆ వియ్యపురాళ్ళిద్దరి మధ్య మాటలు ఎంతవరకంటే, బాగున్నారా వదినగారూ, బాగున్నామండీ, అంతవరకే. ఆ తర్వాత ఇద్దరూ గోడగడియారం వంక చూసేవాళ్ళు. బీరువాలు మొయ్యడం మొదలెట్టాక అమ్మమ్మకు నోరొచ్చింది, నాన్నమ్మకు నవ్వొచ్చింది. బట్టలు కుట్టే తన కొట్టు మూసేశాక పొద్దు గడవక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగిన అమ్మమ్మ, ఇప్పుడు మధ్యాహ్నం నుంచే సాయంత్రం కోసం తిరుగుతుంది. తిరగడం మాత్రం తప్పలేదు.

కంప్యూటర్ ఆటలకు కూడా కొట్లుంటాయి. వాటికి గోడలుండవు, షట్టరుండదు. కంప్యూటర్లోనే ఒక కిటికీ తెరుచుకుంటుంది, మనం కొన్న ఆటలన్నీ అక్కడే మన పేరు మీద ఉంటాయి. పేరు పక్కనొక పచ్చ చుక్క. అది వెలిగిందంటే మనం కొట్టులో ఉన్నట్టు. అమ్మమ్మది మొదట్నుంచీ ఒకటే కొట్టు. చేపలు పట్టే ఆటను పొరపాటున కొని, వెనక్కి తీసుకోమని బెరుగ్గా రాస్తే, ఆ కొట్టువాళ్ళు మారు మాట లేకుండా తీసుకున్నారు. పైగా మీకు నచ్చే ఆట త్వరలో దొరకాలి అని జవాబు రాశారు. ఆ మాట అందరికీ రాస్తారని అమ్మ చెప్పి చూసింది. అందరికీ మర్యాద చేసేవాళ్ళను మెచ్చుకోవాలి గాని తప్పు పడతావేం అని అమ్మమ్మ అమ్మనే కసిరింది. ఆ రోజు నుంచి అది మన కొట్టు. దానికి పోటీగా వచ్చిన ఇంకోటి ఎదురు కొట్టు.

ఎదురు కొట్టు అనడంలో కారం లేకపోలేదు. అమ్మమ్మ కుట్టుకొట్టుకు సరిగ్గా ఎదురుగా ఒకప్పుడు అద్దాల తలుపులతో రెడీమేడ్ బట్టల షాపు వెలిసింది. పాత ఖాతాదార్లు ఒక్కొక్కరే రోడ్డు దాటారు. దాటేవాళ్ళు అమ్మమ్మ వైపు చూసేవాళ్ళు కాదు. ఒకాయన ఆగి ఉన్న బస్సు చాటున నడిచేవాడు. ఒకావిడ వానా ఎండా లేని పూట గొడుగేసుకుని వెళ్ళింది. గొడుగు మొహాన్ని దాచింది గాని, ఎడం భుజం కొంచెం కిందికి ఉంటుందన్న సంగతిని దాచలేకపోయింది. ఆ భుజానికి కొలత తీసింది అమ్మమ్మే మరి.

ఇప్పుడు సామాన్ల ఆటకు రెండో భాగం వచ్చింది. రెండు కొట్లలోనూ ఉంది. ఎదురు కొట్టు సగం ధరకే ఇస్తోందని నాన్నమ్మ క్షణం ఆలోచించకుండా అక్కడ కొనేసింది. చిక్కేమిటంటే, ఈ కొట్టులో కొన్నవాళ్ళు ఆ కొట్టులో కొన్నవాళ్ళతో కలిసి ఆడలేరు. బీరువా ఒకవైపు ఒక కొట్టులో, రెండోవైపు ఇంకో కొట్టులో పట్టుకోవడం కుదరదు.

అమ్మమ్మ మొదటి భాగాన్నే మళ్ళీ ఆడదామంది. ఆ ఇళ్ళన్నీ ఖాళీ చేసేశాం కదా వదినగారూ అంది నాన్నమ్మ. అమ్మమ్మ నాలుగు రోజులు నానబెట్టింది. ఈలోగా నాన్నమ్మ మేడ మీద వాటాలో ఉండే నర్సు, చూద్దామని కిందికొచ్చి, పేషెంటును స్ట్రెచర్ మీదికి చేర్చినంత సునాయాసంగా ఒక సోఫాను పడవలోకి చేర్చేసిందట. రెండో భాగంలో లారీ ఉండదు, అన్నీ పడవల్లోనే. ఆ కబురు విన్న రోజు అమ్మమ్మ అన్నం సరిగ్గా తినలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో మర్చిపోయి, మళ్ళీ హాల్లోకి వచ్చింది. నర్సు ఎంత పొడుగుంటుందని అమ్మను అడిగింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఎదురు కొట్టులో రెండో భాగం కొంది.

కొన్నాక బెంగ పట్టుకుంది. మన కొట్టువాళ్ళు చూస్తే? పచ్చ చుక్క వెలగకపోతే ఏమనుకుంటారు? దానికామె ఒక ఉపాయం చేసింది. సాయంత్రం ముందుగా మన కొట్టు తెరిచి, మొదటి భాగాన్ని నడిపించి, తన కూలీని ఎప్పుడో ఖాళీ చేసిన ఇంట్లో నిలబెట్టేది. అక్కడ చుక్క పచ్చగా వెలుగుతుండగా, పక్కన ఎదురు కొట్టు తెరిచి నాన్నమ్మతో రెండో భాగం ఆడేది. గొడుగావిడ కూడా ఇంత కష్టపడి ఉండదు.

కంప్యూటరేమో ముసలిది. రెండాటలు ఒక్కసారి నెత్తినెట్టేసరికి ఆయాసపడింది. లోపలి ఫ్యాను గుర్రుమంది. నాన్నమ్మ కూలీ అడుగేస్తే అమ్మమ్మ కూలీ ఆలోచించుకుని అడుగేసేది. అద్దాల బల్ల మెట్ల మీద పగిలింది. మంచం కిటికీలోంచి కాలవలో పడింది. కుర్చీలో అమ్మమ్మ కాలు మాత్రం, కుట్టుమిషను తొక్కిన అలవాటు కొద్దీ, గబగబా ఆడుతూనే ఉంది. కాలికున్న వేగం కూలీకి లేదు.

నాన్నమ్మకు ముక్కు మీదే కోపం. మొదట ఇంటర్నెట్టును తిట్టింది, తర్వాత ఆట చేసినవాళ్ళను తిట్టింది. తిట్టడానికి ఇంకెవరూ మిగలక, చివరికి చాలా మర్యాదగా, మీకు ఓపిక లేకపోతే మొహమాటపడకండి వదినగారూ, రేపట్నుంచి నర్సు వస్తానంటోంది అంది. నాన్నమ్మ మర్యాదగా మాట్లాడిందంటే తెగేదాకా వచ్చిందని అమ్మమ్మకు తెలుసు. ఈ ఒక్కటీ దింపుదాం, దీని తర్వాత మీ ఇష్టం అంది.

ఆ ఒక్కటీ నాలుగో అంతస్తులో ఉన్న ఇనప బీరువా. ఇద్దరూ ఎత్తారు. మొదటి మలుపు దగ్గరకు వచ్చారు. అప్పుడు అమ్మమ్మ స్పీకర్లోంచి పీప్ పీప్ మని హారన్ మోగింది. ఖాళీ ఇంట్లో పని లేకుండా నిలబడ్డ కూలీని చూసి, మొదటి భాగంలోని లారీ డ్రైవరు విసుక్కుంటున్నాడు. చెవులకు పెట్టుకునేది కళ్ళజోడుకు అడ్డం వస్తుందని అమ్మమ్మ ఎప్పుడూ స్పీకరే పెట్టుకుంటుంది. హారన్ వీధులు దాటి నాన్నమ్మ చెవిలో పడింది.

"ఆ హారనేంటి వదినగారూ?"

"బయట ఎవరిదో బండి."

"అది మన లారీ హారన్. నాకు తెలీదా?" నాన్నమ్మ గొంతు మారిపోయింది. "అక్కడ ఎవరితో ఆడుతున్నారు?"

"ఎవరితోనూ ఆడట్లేదండీ."

"నాతో ఆడుతూ ఇంకొకళ్ళతో కూడా మోస్తున్నారన్నమాట. అందుకే కాలు సాగట్లేదు."

అమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో పడే నింద ఈ వయసులో బీరువా దగ్గర పడింది. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేసింది. కొట్టు సంగతి, చుక్క సంగతి, ఖాళీ ఇంట్లో కూలీ సంగతి, బస్సు చాటున నడిచినాయన సంగతి. చెబుతున్నంతసేపూ మెట్ల మీద బీరువా ఇద్దరి చేతుల్లోనూ వేలాడుతూనే ఉంది.

నాన్నమ్మ నవ్వలేదు. నవ్వుతుందేమోనని అమ్మమ్మ భయపడింది, నవ్వకపోయేసరికి ఇంకా భయపడింది.

"మీ కొట్టు ఖాళీ అయ్యాక జాలిపడి ఎవరైనా వచ్చేవాళ్ళా?" అని అడిగింది నాన్నమ్మ.

ఒకావిడ వచ్చేదని చెప్పింది అమ్మమ్మ. పక్క సందులో ఉండే టీచరమ్మ. కుట్టించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. రోజూ వచ్చి స్టూలు మీద కూచుని, బేరాలు ఎలా ఉన్నాయని మెల్లగా అడిగేది. ఆమె వస్తోందంటే అమ్మమ్మ కత్తెర చప్పుడు చేస్తూ, చేతిలో పని ఉన్నట్టు పాత గుడ్డ కత్తిరించేది. ఎదురు కొట్టుకు పోయినవాళ్ళ మీద కోపం ఎప్పుడో చల్లారింది గాని, ఆ టీచరమ్మ తలపుకొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మరి మీరు చేస్తున్నదేంటి?" అంది నాన్నమ్మ. "కొనేదుంటే వెళ్ళండి. లేకపోతే ఆ స్టూలు ఖాళీ చెయ్యండి."

అమ్మమ్మ మౌసును మన కొట్టు కిటికీ మూల ఉన్న మూసే గుర్తు మీదికి తీసుకెళ్ళింది. ఒకసారి వెనక్కి లాక్కుంది. మళ్ళీ తీసుకెళ్ళి నొక్కింది. వెంటనే ఒక పెట్టె తెరుచుకుంది.

"ఏమైంది?"

"అడుగుతోంది. ఆట ఇంకా నడుస్తోంది, నిజంగా వెళ్ళిపోతావా అని."

"వెళ్తానని చెప్పండి."

"మొహం మీద అలా ఎలా చెప్తామండీ?"

నాన్నమ్మ నిట్టూర్చింది. "పోనీ, వెళ్ళొస్తానని చెప్పండి."

పెట్టెలో ఉన్నవి రెండే మాటలు, ఉండటం, వెళ్ళడం. అమ్మమ్మ తెర వైపు కొంచెం వంగి, వెళ్ళొస్తానమ్మా అని పైకే చెప్పి, రెండోదాన్ని నొక్కింది. ఖాళీ ఇల్లు, అందులో కూలీ, బయట లారీ అన్నీ ఒక్కసారే మాయమయ్యాయి. ఫ్యాను గుర్రు ఆగిపోయింది. గదిలో అంత నిశ్శబ్దం ఉందని అమ్మమ్మకు అప్పుడే తెలిసింది.

ఆమె కూలీ ఈసారి నాన్నమ్మ కూలీతో సరిసమానంగా అడుగేసింది. మొదటి మలుపు దాటారు. రెండో మలుపు దాటారు. మూడో మలుపులో నాన్నమ్మ కుడికి లాగింది, అమ్మమ్మ ఎడమకు లాగింది, బీరువా మెట్లన్నీ దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది, పడవను కూడా ముంచేసింది.

"ఇది కంప్యూటర్ తప్పు కాదు," అంది అమ్మమ్మ. "మీదే."

"నాదా? ఎడమేదో కుడేదో తెలీదు గాని, కొట్ల గురించి బెంగ!"

ఆ పోట్లాట అరగంట సాగింది. మధ్యలో నాన్నమ్మ ఫోను మోగింది. మేడ మీది నర్సు, రేపు ఎన్నింటికి రమ్మంటారని. నాన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే, అమ్మమ్మకు వినిపించేలా, రేపు ఖాళీ లేదమ్మా, ఈవిడతో ఇంకా తేలలేదు అని చెప్పింది.