హెల్ప్ పేజీకి ఎర్ర పెన్ను

ఆ శనివారం పొద్దున అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా వంటింటి బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, ఒక ఎర్ర పెన్ను ఉన్నాయి. పెన్ను మా ఆయనది. ఖమ్మంలో పదేళ్లు తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, నా వీసా మీద ఇక్కడికి వచ్చాక కంప్యూటర్ కోర్సులో చేరారు. మౌస్ ముట్టుకోకుండా నల్ల తెర మీద కమాండ్లు టైప్ చేయాలి. తెలియకపోతే హెల్ప్ అని కొట్టి చదువుకోవాలి. ఆ హెల్ప్ అంతా ఇంగ్లీషే.

"సోమవారం కోర్స్ డ్రాప్ చేసేస్త. ఒక్క పేజీ నాలుగుసార్లు చదివిన. నాతోని కాదు," అన్నారు.

ఆ ఇంగ్లీషు పేజీ మీద నాకు ఒళ్లు మండింది. ఆయన చదివింది ఫైళ్లు కాపీ చేసే ఒక చిన్న ఉచిత ప్రోగ్రాంది. దాని హెల్ప్ పేజీని ఎవరి భాషలోకి వాళ్లు మార్చి పెట్టుకోవచ్చు. రెండు గంటలు కూర్చుని తెలుగు చేసి, ఆయన లాప్‌టాప్‌లో వేశాను. భాషను తెలుగుకు మార్చే లైను కూడా కొట్టాను. ఆయన హెల్ప్ కొడితే ఇంగ్లీషే వచ్చింది. ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. హడావిడిలో ఆ లైను నా లాప్‌టాప్‌లో కొట్టుకుని, ఆయన తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి సరిగ్గా కొట్టాను. నల్ల తెర నిండా తెలుగు అక్షరాలు. నాకిక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

ఆయన మాత్రం దాన్ని ప్రింట్ తీసి పెన్ను పట్టుకున్నారు. "ఈ 'గమ్య సంచయం' ఏంది? మా టెన్త్ పిల్లలు పారిపోతరు. 'ఎక్కడ పెట్టాలో' అని రాయి."

తాను చేసి చూడనిదే టిక్కు పెట్టే అలవాటు ఆయనకు లేదు. ఒక్కో వాక్యం చదవడం, ఆ కమాండ్ కొట్టడం, చెప్పినట్టు జరిగితేనే టిక్కు. ఆరో లైను దగ్గర పెన్ను ఆగింది.

"అదే పేరుతో ఫైల్ ఉంటే ముట్టుకోదని రాసినవ్. ఇదేమో పాతది చెరిపేసి కొత్తది పెట్టింది. తప్పు రాసినవ్."

గబగబా ఇంగ్లీషు పేజీ తెరిచాను. నా తప్పు కాదు. తప్పు ఇంగ్లీషులోనే ఉంది. అది చదివి ఎందరు తలూపారో, నాతో సహా. సంతోషం పట్టలేక ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను.

ప్రోగ్రాం నడిపేవాళ్లకు రాశాం. సరైన ఇంగ్లీషు వాక్యం ఆయనే కూర్చారు, నేను వేలు పెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నానికల్లా, దిద్దేశామని జవాబు వచ్చింది. కొత్త పేజీ దించుకుని, భాషను మళ్లీ ఇంగ్లీషుకు మార్చాను. ఈసారి ఆయన లాప్‌టాప్‌లోనే. ఆరో లైనులో ఆయన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఆయన ఒక్కసారే చదివారు. పెన్ను మూత తీశారు.

"తర్వాతి పేజీ ప్రింట్ తియ్యి. తెలుగు వద్దు, ఇంగ్లీష్‌దే. రేపు క్లాస్‌కి పట్టుకపోత."