పోపు వాసన లేని అబాయా

నేను పట్టుకుని నడుస్తున్న అబాయాలో పోపు వాసన లేదు. అగరు ధూపం గుప్పుమంది. ఈమె అమ్మ కాదని ఆ క్షణమే తెలిసింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. రియాద్‌లో అక్క చదివే హైస్కూల్లో వార్షికోత్సవం. నాన్న ఆడవాళ్ల గేటు బయటే ఆగిపోయారు. లోపల తల్లులందరూ ఒళ్లంతా కప్పే నల్ల అబాయాల్లోనే ఉన్నారు. "నా అబాయా వదిలినవంటే పోలీసులు ఇండియాకు తోలేస్తరు" అని అమ్మ ముందే బెదిరించింది. ఎవరి అబాయా అయినా వదిలితే విమానం ఎక్కిస్తారనుకుని, దాన్నే ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ ముఖ్య అతిథి. నేరుగా వేదికెక్కింది, వెనకే నేనూ ఎక్కాను. హాలంతా నవ్వింది.

"యే బచ్చీ కిస్‌కీ హై?" ఈ పిల్ల ఎవరిదని టీచరు మైకులో అడిగారు.

స్వాగత గీతం పాడే వరసలో అక్క కనిపించింది. "అక్కా!" అన్నాను. తొమ్మిదో తరగతి అక్క అటూ ఇటూ చూసి, "ఎవరి పిల్లనో పాపం" అంది పక్కమ్మాయితో. అప్పుడు ఏడ్చాను, పోలీసులకు భయపడి కాదు.

చివరి వరస నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, అది మా పిల్లనే! నాది పట్టుకోమంటే మేడంది పట్టుకుంటివా!"

తానలా అనలేదని అక్క ఇప్పటికీ వాదిస్తుంది.

నిన్న మాల్ లిఫ్టులో అదే అగరు వాసన తగిలి, పక్కనే ఉన్న నా ఇద్దరు కూతుళ్లని రెండుసార్లు లెక్కపెట్టాను. ఈ ఉదయం స్కూలు ఫంక్షన్‌కు బయలుదేరేముందు చిన్నదానితో నా ఫోన్ నంబరు మళ్లీ అప్పజెప్పించాను. పెద్దదానికి ఒక్కటే చెప్పాను: "చెల్లి స్టేజీ ఎక్కి పరువు తీసినా సరే, మా చెల్లే అని చెయ్యెత్తు."