గోడవైపు ఉంచిన పక్క

మా ఇంట్లో దంతపు పెట్టెను ఎప్పుడూ దాని ఎడమ పక్క గోడకు ఆనేలా పెట్టాలి. తాతగారు అలా పెట్టారు, నాన్నగారూ అలాగే పెట్టారు. పద్మనాభం ఊరి వైపున్న మా లోగిలి చేజారి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్క రెండు గదుల ఇంటికి వచ్చాక కూడా నేను ఆ పద్ధతి తప్పలేదు. మా వంశంలో పద్ధతికి కారణం అడిగే అలవాటు లేదు.

గంధపు చెక్క మీద ఏనుగు దంతపు పలకలు పరిచి, వాటి మీద తీగలూ పువ్వులూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపిన పెట్టె అది. మాకు మిగిలింది అదొక్కటే. తాతగారి కాలంలో ఇంట్లోంచి గడ్డిపరక కూడా బయటికి పోలేదనీ, పోగొట్టిందంతా నాన్నగారేననీ చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను. అందుకు చెక్కుచెదరని ఆ పెట్టే నాకు సాక్ష్యం.

పోయిన శీతాకాలంలో, ఏటా వచ్చి పెట్టె శుభ్రం చేసి వెళ్లే పాత ఊరి చెక్కపని సాయిబు, ఒక జర్మన్ పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కోటలో పుట్టిన ప్రభువంశీకుడట. మన ఊరి దంతపు పెట్టెల మీద పుస్తకం రాస్తున్నాడట. ఆ పుస్తకంలో మా పెట్టె గురించి ‘ఏ మార్పూ లేకుండా నిలిచింది’ అన్న ఒక్క వాక్యం నాకు కావాలి.

కార్డులు మార్చుకున్నాం. నా కార్డు మీద మా వంశ బిరుదు ఉంటుంది. ఆయన కార్డు మీద పేరూ, ‘కళా చరిత్రకారుడు’ అన్న మాటా తప్ప ఏమీ లేవు.

“మీ బిరుదు అచ్చు వేయించలేదేం?” అని ఇంగ్లీషులో అడిగాను.

“అది నా సంచి మోసిపెట్టదు కదా,” అన్నాడు.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పెట్టె ముందు నేల మీద కూర్చుని, ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. గూడ్సు బండి వెళ్లి ఇల్లు అదిరినప్పుడు, గాలికి దీపాన్ని కాపాడినట్టు రెండు అరచేతులూ పెట్టె చుట్టూ పట్టాడు. ఆ పెట్టెను నేనెన్నడూ అలా చూడలేదని అప్పుడు తెలిసింది.

“ఈ పక్క గోడకెందుకు?”

“మా పద్ధతి.”

ఆయన చిన్నగా నవ్వి, నా అనుమతి అడిగి పెట్టెను తిప్పాడు. భూతద్దం పెట్టి చూసి నన్ను పిలిచాడు. చూడాలంటే నేనూ నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. ముందు పలకలో, చెక్కడం కింద దంతంలోనే, వల అల్లినట్టు సన్నటి గీతలు. ఎడమ పలకలో ఆ వల లేదు, సూదిమొనలంత నల్ల చుక్కలు.

“ఇది దంతం కాదు, ఎముక,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సాయిబు వైపు చూశాను.

“నానేటీ సెప్పనేదు బాబూ! మీ తాతగారు ఆ పక్క దంతం ఊడదీయించి అమ్మించీసి, ఎముక అతికించమన్నారంట. ఎవరికీ సెప్పకని మా తాత సేత ఒట్టేయించుకున్నారు. మేం నోరు మూసుకునే ఉన్నాం. ఈయనవి డేగ కళ్లు, నానేటి సేత్తాను?”

గుమ్మం దగ్గర్నుంచి మా ఆవిడ అంది: “ఇన్నేళ్లూ మావయ్యగారినే ఆడిపోసుకున్నారు కదండీ.”

ఏం మాట్లాడుకుంటున్నామని జర్మన్ ఆయన అడిగితే అబద్ధం నోటికి రాలేదు. అంతా విని ఆయన తన సంగతి చెప్పాడు. పసితనంలోనే వాళ్ల కోట పోయింది. ఒక రొట్టెల దుకాణం పైన రెండు గదుల్లో పెరిగాడు. వెంట తెచ్చుకున్నది ముత్తాత చిత్రపటం ఒక్కటే. అది నకలని పన్నెండేళ్లప్పుడు కనిపెట్టాడు. అసలుదాన్ని వాళ్ల తాత ఎప్పుడో అమ్మేశాడు.

“మా నాన్న చెంప పగలగొట్టాడు. నాకు మాత్రం ఆ నకలు వేసిన మనిషెవరో తెలుసుకోవాలనిపించింది. వెతుకుతూ వెతుకుతూ ఈ పని నేర్చుకున్నాను. ఆ మనిషి పేరు ఇప్పటికీ తెలీదు.” సాయిబు వైపు చెయ్యి చూపించాడు. “మీకు ఆ లోటు లేదు. ఈ ఎముక అతికినాయన మనవడు మీ గదిలోనే ఉన్నాడు.”

మళ్లీ భూతద్దం నా చేతికిచ్చాడు. ఎముకలోని చుక్కలున్న చోటల్లా పువ్వు నడిమిభాగం వచ్చేలా సాయిబు తాత చెక్కాడు. లోపం పుప్పొడి అయిపోయింది. ఎంతసేపు చూశానో చెప్పలేను.

ఇన్నేళ్లలో సాయిబుకు మా ఇంట్లో కుర్చీ వెయ్యలేదు. లేచి కుర్చీ జరిపి, “కూర్చోండి,” అన్నాను.

“ఏటి బాబూ, ఈ వయసులో నన్ను పరీచ్చిస్తన్నారా?” అంటూనే అంచు మీద కూర్చున్నాడు.

జర్మన్ ఆయన నోటుపుస్తకం తెరిచాడు. “ఏమని రాయమంటారు?”

“ఎడమ పక్క ఎముక. మా తాతగారు చేయించారు. చేసినవారి పేరు ఈయన చెబుతారు, రాసుకోండి.”

సాయిబు తన తాత పేరు చెప్పాడు. జర్మన్ ఆయన మూడుసార్లు పలికించుకుని రాశాడు.

ఇప్పుడు పెట్టె ఎడమ పక్క గదిలోకి తిరిగి ఉంటుంది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము రోజూ ఆ పువ్వుల మీద పడుతుంది. సాయిబు వచ్చేదాకా ఆగడం లేదు. నేల మీద కూర్చుని నేనే తుడుస్తున్నాను.