అమావాస్య నాటి గీత

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, గ్రాఫు చూడగానే అర్థం చెప్పేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని నా గట్టి నమ్మకం. బందరు కాలేజీలో ఫిజిక్సు ఫస్టు క్లాసు మరి! (అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.) భూగర్భ జలాల ఆఫీసులో కొత్త ఉద్యోగం, ప్రొబేషన్ దాటితేనే పర్మినెంటు. చందానగర్ దగ్గర ఓ రైతు బావి మీద పెట్టిన యంత్రానికి ప్రతి సోమవారం కాగితం మార్చడం నా పని. నీళ్లు ఎక్కినా దిగినా దాంట్లో పెన్ను ఆ ప్రకారమే గీత గీసేది.

రోజూ పగలు దిగి, రాత్రికి మెల్లగా ఎక్కే ఆ గీత, మూడు అమావాస్యలకూ పగలంతా దిగనే లేదు. నాకు ఒళ్లు పులకరించింది. అమావాస్యకు మా బందరు సముద్రం పొంగడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి. చంద్రుడు ఈ బావిని కూడా లాగుతున్నాడన్నమాట! పన్నెండు పేజీల రిపోర్టు రాసి ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను.

"బాగుందయ్యా. మరి పౌర్ణమికీ సముద్రం పొంగుతుందిగా, బావి పొంగలేదేం?" అన్నారాయన.

"పరిశోధించాలండి" అన్నాను గంభీరంగా.

"సరే, వచ్చే అమావాస్యకు నేనూ వస్తాను. నీ పర్మినెంటు సంగతి అక్కడే తేలుద్దాం."

ఆ రోజు మేం జీపు దిగేసరికి, మోట లాగాల్సిన రెండు ఎడ్లూ బావి పక్కన తీరిగ్గా పడుకుని నెమరేస్తున్నాయి.

"ఏం పెద్దాయనా, ఇవాళ నీళ్లు తోడటం లేదా?" అని ఆఫీసరుగారు రైతును అడిగారు.

"ఇయ్యాల అమాస గద సారూ. ఎడ్లకు కాడి పెట్టం. గింత సదువుకున్నరు, గిది తెల్వదా?"

(నా సోమవారాల్లో ఒక్క అమావాస్యా పడలేదు మరి.) సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. పెద్దాయన మాత్రం నా చేతిలో కాగితం తీసుకుని, ఏ గీత దేనికో అడిగి తెలుసుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. "గిది పొద్దుగాల మోట కొట్టుడు. గీడ ఎడ్లు జర కుడితి తాగినయ్. గీ రోజు నాకు జరమొచ్చింది, జల్ది బంద్ జేసిన."

ఆఫీసరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "నెలరోజులు ఇక్కడే కూర్చో. ఈయన దగ్గర నేర్చుకున్నాక సంతకం పెడతాను" అన్నారు. కూర్చున్నాను. పెద్దాయన రోజూ జొన్నరొట్టె పెట్టాడు. సంతకమూ పడింది.

ఇప్పుడు ఆ దారంతా అద్దాల ఆఫీసులే. వాటిలో ఒకదాంట్లో పనిచేసే మా మనవరాలు మొన్న ఫోనులో ఏదో గ్రాఫు చూపించి, "తాతయ్యా, ఆదివారాలు ఇలా పడిపోతోంది, ఎందుకంటావ్?" అంది. ఆ బందరు కుర్రాడైతే ఈపాటికి చంద్రమండలం దాకా వెళ్లి వచ్చేవాడు. పాపం, వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. నేను మాత్రం, "ఆదివారం అక్కడ ఎవరికి సెలవమ్మా?" అని అడిగాను.