ఆడ మొగలి

2018 వానాకాలంలో ఒక శనివారం, నేరేడ్‌మెట్‌లోని మా నర్సరీ ముందు ఆటో ఆగి ఒక పెద్దావిడ దిగింది. చేతిలో తడి గోనెగుడ్డ చుట్టిన పొడవాటి మూట ఉంది. నర్సరీకి వచ్చేవాళ్ళు మొక్కలు పట్టుకుపోతారు గానీ పట్టుకురారు. పైగా ఆవిడ ఆ మూటను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. బేరానికి వచ్చిన మనిషి కాదని అప్పుడే అనుకున్నాను.

నేనూ మా ఆయన నర్సిములూ ఇరవై ఏళ్ళకు పైగా ఈ నర్సరీ నడుపుతున్నాం. మందారాలు, గన్నేర్లు, క్రోటన్లు, ఇంట్లో పెట్టుకునే మనీప్లాంట్లు మా సరుకు. ఈ పనికి చెయ్యి మెత్తగా, నోరు గట్టిగా ఉండాలని మా ఆయన అంటాడు. రెండోది నాకు దేవుడు దండిగా ఇచ్చాడు.

ఆవిడ మూట విప్పింది. అంచులకు ముళ్ళున్న కత్తుల్లాంటి ఆకులు, కింద లావుపాటి వేళ్ళు నాలుగు. పిలక. అంటే తల్లి చెట్టు పక్కన పుట్టే పిల్ల మొక్క. మా భాషలో సకర్ అంటాం.

"ఇది మొగలి అమ్మా. మా ఊరి నించి తెచ్చా. కుండీలో బతుకుద్దా?" అని అడిగింది.

ఆవిడ పేరు మేరీ సుగుణ. సీతాఫల్‌మండిలో ఉంటుంది, బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పుట్టింది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో. ఆ ఇసుక దిబ్బల మీద ఒకప్పుడు మొగలి పొదలు మనిషిని దాచేంత ఎత్తు పెరిగేవట. ఇప్పుడు ఆ దిబ్బలు చదును చేసి కాటేజీలు కట్టారట. చాలా ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఒక్కటంటే ఒక్క పొద మిగిలి ఉందని, దాని పిలకే ఇదని చెప్పింది.

"గింత తక్లీఫ్ ఎందుకు టీచరమ్మా? మొగలి వాసనే కావాలంటే చార్మినార్ కాడ కేవడా అత్తర్ దొరుకుతది కదా" అన్నాను.

"కొన్నానమ్మా. మూత తీసి వాసన చూస్తే బిర్యానీ గుర్తొచ్చింది."

బిర్యానీలో వేసేదీ ఆ కేవడానే మరి. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వింది. మళ్ళీ అదే గొంతుతో, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. "మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. జ్వరం వచ్చి పోయింది. నన్ను హాస్టల్లో వేశారు. అమ్మది ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆదివారం చర్చికి కట్టుకునే చీర పెట్టెలో పెట్టి, మడతల మధ్య మొగలి రేకులు వేసేది. ఆ చీర ఇప్పటికీ కనబడుద్ది నాకు. అంచుతో సహా చెప్పగలను. చీర పైన ముఖం కనబడదు. ఎంత గింజుకున్నా రాదు. ఆ వాసన వస్తే ముఖం కూడా వస్తుందని నా ఆశమ్మా."

"అట్లయితే మోండా మార్కెట్‌ల వినాయక చవితి ముందు పువ్వే అమ్ముతరు. ఈ మొక్క పెరిగి పూయాలంటే ఏండ్లు పడతయి" అన్నాను.

ఆవిడ పిలక వేళ్ళకు అంటుకున్న ఇసుకను గుడ్డలోకి దులుపుతూ, "కొన్న పువ్వు ఎందుకమ్మా, మా పొద పువ్వే కావాలి నాకు" అంది. మొండి మనిషి అనుకున్నాను. మొండితనం నాకూ ఉంది కాబట్టి ఆవిడ నాకు నచ్చింది.

పెద్ద సిమెంటు కుండీ తీశాం. మా వైపు ఎర్రమట్టి ఒట్టిగా వేస్తే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుకని అడుగున కంకర, పైన ఇసుక ఎక్కువగా, మట్టి తక్కువగా కలిపాం. దీన్ని డ్రైనేజ్ అంటాం. పోసిన నీళ్ళు ఆగకుండా కిందికి పోయే దారి అన్నమాట. ఆవిడ తన గోనెగుడ్డలోని ఇసుకను కూడా గింజ వదలకుండా కుండీలో దులిపింది.

మరుసటి వేసవిలో ఫోన్ వచ్చింది. "అనసూయమ్మా, ఆకుల కొసలు మాడిపోతున్నాయి, ఒకసారి వచ్చి చూడవా?" సీతాఫల్‌మండిలో ఆవిడ ఉండే అపార్టుమెంటు మూడో అంతస్తుకు వెళ్ళాను. బాల్కనీలో మొక్క వాడిపోయి ఉంది. కుండీలో మట్టి మీద తెల్లగా పొరకట్టింది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంటే ఉప్పు!

"టీచరమ్మా! మొక్కకు ఉప్పు ఏస్తరా ఎవరన్నా? పప్పుచారు అనుకున్నరా?" అని అరిచాను. నా నోటి సంగతి చెప్పాను కదా.

ఆవిడ బడిలో తప్పు చేసి దొరికిన పిల్లలా నిలబడింది. "నీళ్ళలో కొంచెం కొంచెం కలిపి పోస్తున్నానమ్మా. సముద్రం పక్కన పుట్టింది కదా, ఇక్కడికొచ్చి బెంగ పెట్టుకుందేమోనని."

"బెంగ పెట్టుకున్నది మొక్కనా, మీరా?"

అనేశాక నాకే అయ్యో అనిపించింది. ఆవిడ బాల్కనీ రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయింది. నేను బకెట్లతో మంచినీళ్ళు తెచ్చి కుండీలో ధారగా పోశాను. ఇలా పోసి మట్టిలోని ఉప్పును కడిగేయడాన్ని లీచింగ్ అంటారు. వారం వారం వెళ్ళి అదే పని చేశాను. మొక్క బతికింది. అది నా పనితనం కాదు, మొగలిది గట్టి ప్రాణం.

అది కోలుకుని ఏపుగా పెరిగాక ఇంకో గొడవ షురూ అయింది. అపార్టుమెంటు సెక్రటరీ ఒకరోజు నేనక్కడ ఉండగానే వచ్చాడు.

"మేడమ్, మొగలి పొద ఉంటే పాములొస్తయి. మా తాతల నించి ఎరుక ఉన్న ముచ్చట. జెర తీసేయండి."

"మూడో అంతస్తుకు పాము ఎట్లొస్తది సార్, లిఫ్టులనా?" అన్నాను.

"మజాక్ చేయకు తల్లీ. పిల్లలున్న ఇండ్లు. రేపేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తరు?"

ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయానికి నా దగ్గర మందు లేదు. మా ఆయన ట్రాలీ తెచ్చి మొక్కను నర్సరీకి తరలించాడు. కాంపౌండు గోడ వారగా గొయ్యి తీసి, సగం ఇసుకతో నింపి నేలలో నాటాం. నేల తగిలేసరికి అది మా మిగతా మొక్కలన్నిటినీ వెక్కిరిస్తున్నట్టు పెరిగింది. కాండం నుంచి ఊడలు దిగాయి. టీచరమ్మ శనివారం శనివారం వచ్చేది. స్టూలు వేసుకుని పొద ఎదురుగా కూర్చునేది. నాకు ఊరి కబుర్లు చెప్పేది, మా ఆయనకు మొక్కల పేర్ల బోర్డుల మీద అక్షరదోషాలు దిద్దేది. ఆవిడ రాని శనివారం నాకేదో వెలితిగా ఉండేది.

2022 వానలు పడ్డాక పొద నడిమధ్య ఆకుల్లో లేతరంగు మొగ్గ కనబడింది. వెంటనే ఫోన్ చేశాను. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరలో, వారం మధ్యలోనే వచ్చేసింది. ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచేయకుండా ముఖం లోపలికి పెట్టింది. కాసేపటికి బయటికి తీసి, "ఇంకా విచ్చుకోవాలేమో" అంది. తర్వాతి శనివారం కూడా అదే మాట. ఆ తర్వాతి వారానికి మొగ్గ విచ్చుకోవడం మాని గుండ్రంగా, పచ్చగా, గరుకుగా ఊరడం మొదలుపెట్టింది.

మా ఆయన చూసి, "ఏందే, టీచరమ్మ మొగలి అని అనాసపండు చెట్టు తెచ్చిందా?" అన్నాడు.

కడియం నర్సరీల నుంచి మాకు మొక్కల లారీ లోడు పంపే వెంకట్రావుగారికి ఫోటో పంపాను. ఫోన్ చేసి నవ్వాడు. "అది ఆడ మొగలండీ బాబూ! మొగచెట్టు పువ్వుకే వాసనండీ. ఆడదానికి పువ్వు పేరుకే గానీ వాసనుండదండీ, ఇదిగో ఇలా కాయ కాస్తదండీ."

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "మొగలి అన్న పేరులోనే మొగ అని ఉండె కదా సార్. మల్ల దాంట్ల ఆడదేంది?"

"మొగ పక్కన ఆలి కూడా ఉందిగా అండీ, దీర్ఘం పోయిందంతే!" అన్నాడాయన. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ ఎదురుచూపు, బాల్కనీలో ఆ ఉప్పునీళ్ళు, ఆ తెల్లచీర, అన్నీ కళ్ళముందు తిరుగుతుంటే వీళ్ళకు నవ్వెలా వస్తోందో అర్థం కాలేదు. ఫోన్ తీసుకుని, వచ్చే లోడులో మొగచెట్టు పువ్వు ఒకటి తాజాగా కోసి పంపమని గట్టిగా చెప్పాను.

శనివారం టీచరమ్మ వచ్చింది. సంగతి చెప్పడానికి నా నోరు మొదటిసారి తడబడింది. అంతా విని, ఆ పచ్చటి కాయను అరచేత్తో నిమిరింది. "నీదేం తప్పమ్మా" అని దానితోనే అంది. "మా అమ్మ కోసుకునే పొదలు ఎప్పుడో కొట్టేశారు కదా, మిగిలింది ఇదొక్కటే కదా, నాకేం తెలుసు" అని నా వైపు తిరిగి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

లోడు వచ్చింది. పువ్వును ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి కట్టి, పైన తడి గోనె చుట్టి పంపాడు వెంకట్రావుగారు. నేను విప్పలేదు. ఆవిడే విప్పాలని అలాగే ఉంచి, వచ్చాక ఆవిడకు అందించబోయాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"అక్కడ పెట్టమ్మా, తర్వాత చూద్దాం."

"తర్వాత ఏంది టీచరమ్మా? గింత దూరం నించి తెప్పిస్తే!" అంటూ నేనే ముడి మీద చెయ్యి వేశాను.

"విప్పొద్దు!" అని కసిరింది. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అంత పెద్దగా వినలేదు. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "మోండా మార్కెట్లో పువ్వు దొరుకుద్దని నాకు తెలియదనుకున్నావా అనసూయా? ఏటేటా వెళ్ళేదాన్ని. గంప దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. ఇప్పటిదాకా వాసన దొరకలేదు కాబట్టి ముఖం రాలేదని సరిపెట్టుకున్నా. రేపు వాసన దొరికి కూడా ముఖం రాకపోతే? ఇంక నేను దేని కోసం ఎదురుచూడాలి?"

ఓదార్పు మాటలు నాకు మొదటినించీ రావు. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా ఆయన టీ తెచ్చి పెట్టి, మా ఇద్దరినీ చూసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. టీ చల్లారిపోయింది.

చాలాసేపటికి ఆవిడే మూట ఒళ్ళోకి తీసుకుంది. ముడి విప్పింది. వాసన గుప్పున వచ్చింది. షెడ్డులో పేడ ఎరువు, వేపపిండి వాసనలన్నీ వెనక్కిపోయాయి. ఆవిడ పువ్వును ముఖానికి ఆనించుకోలేదు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి తల కొంచెం వెనక్కి వాలింది. మెడ బిగిసింది.

"వచ్చిందా టీచరమ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

"ష్" అంది. కళ్ళు తెరవలేదు. "జడ వేస్తోంది. రేకులు సన్నగా చీల్చి పాయల్లో కుడుతోంది. మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది నన్ను. నేను తిరిగి చూడబోతే తల మీద మొట్టికాయ వేస్తోంది. 'కదలమాకే, ముల్లు గుచ్చుకుద్ది' అంటోంది."

"ముఖం?"

కన్నీళ్ళు చెంపల మీదికి దిగాయి. తుడుచుకోలేదు. "కనబడదమ్మా. ఆవిడ నా వెనకుంది కదా."

తర్వాత ఆవిడ అమ్మ ముఖం మాట నా దగ్గర మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. శనివారాలు మాత్రం మానలేదు. ఆడ మొగలికి కాయ పండి నారింజ రంగుకు తిరిగింది. దాని పిలకలు అడిగినవాళ్ళకు వాసన రాదని ముందే చెప్పి ఇస్తున్నాం.

ఈ వృత్తిలో నాకు పూసే కాలం తెలుసు, కాసే కాలం తెలుసు, ఏ మొక్కకు ఎంత నీడ కావాలో తెలుసు. టీచరమ్మ కేసు నాకు నేర్పింది మొక్కల సంగతి కాదు. మా అమ్మ బోయిన్‌పల్లిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నర్సరీ పని అని, ట్రాఫిక్ అని, పండగకో పబ్బానికో తప్ప వెళ్ళేదాన్ని కాదు. పువ్వు విప్పిన ఆ శనివారం టీచరమ్మను ఆటో ఎక్కించి, నర్సరీ మా ఆయనకు అప్పజెప్పి, నేను బోయిన్‌పల్లి పోయాను. అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన జాగా ఉంది గానీ నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఏందే, చెప్పకుంట చేయకుంట వచ్చినవ్? ఏమన్నా పరేషానా?"

"ఏం లేదమ్మా."

"మరి గట్ల జూస్తున్నవేంది నా మొకం?"

"ఊకెనే" అన్నాను. చూస్తూనే ఉన్నాను.