బీడీ కార్డా, బి.ఏ. చదువా

మొన్న సాయంత్రం మా పక్కింటావిడ ఊరికే వచ్చినట్టు వచ్చి, చాయ్ తాగి, లేవబోతూ అసలు మాట బయటపెట్టింది. కూతురికి నిజామాబాద్ సర్కారు డిగ్రీ కాలేజీలో సీటు వచ్చిందట. చేర్పించాలా, వెంటనే నౌకరి వచ్చే ఇంకేదైనా నేర్పించాలా అని ఆవిడ సందేహం. "మీరు గదే డిగ్రీ చదివిండ్రు గద మేడం, ఏమన్న ఫాయిదా అయిందా?" అని అడిగింది. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఏ ప్రశ్నకైనా ఏదో ఒక జవాబు అల్లగలనన్న ధీమా నాకుంది. దీనికి మాత్రం ఆలోచించుకుని చెబుతానన్నాను. ఈ ప్రశ్నతో మా ఇల్లు ఒకప్పుడు చాలా రోజులు తల బద్దలు కొట్టుకుంది.

మాది బోధన్. ఎనభైల చివరి మాట. బాపు వారం సంతలు తిరిగి రెడీమేడ్ బట్టలు అమ్మేవాడు. సరిహద్దు దాటి వెళ్లి మరాఠీలో బేరాలాడి వచ్చేసరికి ఆయనకు ఇంట్లో తెలుగు మాట్లాడే ఓపిక మిగిలేది కాదు. అందుకని ఇల్లు నడిపింది అవ్వ, అక్క, బీడీలు. అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న, మా దిక్కు అట్లాగే పిలుస్తాం. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజుల్లో వాడంతా మడ్డి వాసన కొట్టేది గానీ మా ఇంటి గడప దాటి లోపలికొస్తే బీడీల్లో నింపే తంబాకు వాసనే. తడిగుడ్డలో తునికాకు, ఒళ్లో చాట, చాటలో తంబాకు, అక్క చేతిలో కత్తెర. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్క మొహం కంటే ఆమె నడినెత్తి పాపటే ఎక్కువ గుర్తు, ఎప్పుడూ తల వంచుకునే ఉండేది కాబట్టి. ఏడో తరగతితో ఆమె బడి మానిపించారు. అదేమీ పెద్ద విషయంగా ఎవరూ మాట్లాడలేదు, అక్క కూడా.

ఇక్కడ బీడీ కార్డు సంగతి చెప్పాలి. బీడీలు ఎవరైనా చేయొచ్చు, కార్డు మాత్రం అందరికీ దొరకదు. కంపెనీ పుస్తకాల్లో పేరెక్కితేనే కార్డు. కార్డుంటే ఆకూ తంబాకూ వాళ్లే ఇస్తారు, ముసలితనానికి ఫండు జమవుతుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల నలుపా తెలుపా అని చూడటానికి ముందు "కార్డున్నదా?" అని అడిగేవాళ్లు. ఉందంటే, ఆ తర్వాత నలుపు కూడా చామనఛాయ అయ్యేది. ఎన్నో ఏళ్లు బీడీ కార్ఖానా చుట్టూ తిరిగి అవ్వ నా పేరున కార్డు సంపాదించింది. సరిగ్గా అదే ఎండాకాలం నేను ఇంటర్ పాసై, నిజామాబాద్‌లో బి.ఏ. చదువుతానని కూర్చున్నాను. వరుసగా బీడీలు అప్పజెప్పకపోతే కార్డు మీద పేరు కొట్టేస్తారు. సర్కారు కాలేజీలో ఫీజు ఎంతని? నామమాత్రం. అసలు ఖర్చు నేను చేయకుండా వదిలేసే బీడీలే. అవ్వ ఏమీ తేల్చుకోలేక ఉండగా, తన కార్డు పనీ నా కార్డు పనీ తనే చేస్తానని అక్క అన్నది. అట్లా నేను బస్సెక్కాను.

చదువులో పడ్డా వేళ్లు మాత్రం పాత పనిలోనే ఉండేవి. బస్సు పాసు ఇంకా రాని రోజుల్లో ఒకసారి, కిటికీలోంచి చెరుకు బండ్లు చూస్తూ కూర్చున్నాను. చెకింగ్ ఆయన ఎక్కి టికెట్ అడిగాడు. చూసుకుంటే టికెట్టు నా చేతిలో సన్నగా చుట్టుకుని, గోటితో మూతి కూడా ముడిచి, దారం ఒక్కటే తక్కువ అన్నట్టు ఉంది. విప్పబోతే చిరిగింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా అమ్మ గూడ చేస్తది తియ్యి" అని ముందుకు వెళ్లిపోయాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖరి ఏడాది మొదలవక ముందే అక్కకు నవీపేట్ సంబంధం కుదిరింది. ఇక నా కార్డు మీద బీడీలు చేసేదెవరు? అప్పటిదాకా రెండు కార్డుల బీడీలూ ఒకే చేతివని, బీడీలు లెక్కచూసి తీసుకునే మున్షీకి తెలియక కాదు, లెక్క సరిపోతోంది కదా అని ఊరుకున్నాడు. ఇప్పుడు చదువో కార్డో ఏదో ఒకటి పోవాల్సిందే. అవ్వ ఊరికే నిర్ణయం తీసుకునే మనిషి కాదు. కుండ కొంటే కూడా పది కుండలు కొట్టి చూసేది. డిగ్రీని కూడా అట్లాగే కొట్టి చూద్దామని బయలుదేరి, తెలిసిన డిగ్రీవాళ్లందరినీ అడిగి వచ్చింది. బజారులో కిరాణా కొట్టు వాళ్లబ్బాయి బి.కాం. పాసయ్యాడు. లెక్కలన్నీ ఇప్పటికీ తండ్రే చేస్తాడని, తను తక్కెడలో బెల్లం జోకుతానని నిజం చెప్పేశాడట. ఇంకొకాయన గడ్డం పెంచి పోటీ పరీక్షలు రాస్తున్నాడు. ఆయన్ను చూసి అవ్వ ఏమీ అడగకుండానే తిరిగొచ్చింది. చివరికి ఏర్గట్ల నుంచి మా మేనమామ వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఆయన ముందు పెట్టింది. మామ పసుపు రైతు.

"పసుపు పెట్టినోనికి ధర ముందుగాల తెలుస్తదా అక్కా? తవ్వి, ఉడకబెట్టి, మార్కెట్‌కు పోతేనే తెలుస్తది. గిదిగూడ గంతే" అన్నాడు.

"ధర రాకుంటే పసుపు ఇంట్ల కూరల ఏస్కుంటం. డిగ్రీని ఏం జేస్కుంటం?" అన్నది అవ్వ.

నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఆకు కత్తిరిస్తూ ఉన్న అక్క కత్తెర పక్కన పెట్టింది.

"దాని కార్డు పోనియ్ అవ్వా. ఈ ఇంట్ల ఒక్కలన్న మెడ లేపి కూసోనియ్" అన్నది.

అంతే. మళ్లీ కత్తెర అందుకుంది. అవ్వ చాట దగ్గరికి లాక్కుని తంబాకు చెరగసాగింది. కొన్నాళ్లకు కార్ఖానాలో నా పేరు కొట్టేశారు. ఆ రోజు అవ్వ ఎవరో పోయినట్టు శోకం పెట్టింది.

తర్వాతి కథలో గొప్పలేమీ లేవు. డిగ్రీ పాసయ్యాను. ప్రైవేటు బడిలో టీచరయ్యాను. నా మొదటి జీతం అక్క బీడీల మీద వచ్చేదానికంటే తక్కువ. అవ్వ అది విని, ఇన్నేండ్లు చదివినదానికి గింతేనా అని దెప్పింది. సర్కారు నౌకరి కోసం పరీక్షలు రాస్తూ రాస్తూ వయసు దాటింది. ప్రైవేటు బళ్లలోనే రిటైరయ్యాను కాబట్టి పింఛను లేదు. అక్కకు మాత్రం కార్డు మీద బీడీ పింఛను వస్తోంది. అవ్వ బతికి ఉంటే, కాగితం మీద చూస్తే తన లెక్కే గెలిచిందనేది.

పోయిన ఏడాది నవీపేట్ వెళ్లినప్పుడు అక్క పింఛను తీసుకుని అప్పుడే ఇంటికొచ్చింది. మెడకు పట్టీ వేసుకుని ఉంది. నేను సరదాగానే, ఆ కార్డు ఉంచుకుని ఉంటే నాకూ వచ్చేది కదా అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"పింఛను కావాల్నంటే నాది తీస్కో" అన్నది అక్క. "నువ్వు కాలేజికి పోయిన గసొంటి మూడేండ్లు నాకు ఎవ్వలిస్తరు?"

ఆమె మాటలో కోపం లేదు, అందుకే నేను తట్టుకోలేకపోయాను. తనకూ చదువుకోవాలని ఉండేదని ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు, మేమెవరం అడగనూ లేదు. పక్కింటావిడకు ఫాయిదా సంగతి ఇప్పటికీ సూటిగా చెప్పలేను. నా డిగ్రీకి ఎంత ఖర్చయిందో మాత్రం చెప్పగలను. మా ఇంట్లో చదువుకోవడానికి ఉన్న కాలం ఒక్కరికే సరిపోయేంత, అక్క దాన్ని తను ముట్టుకోకుండా నాకిచ్చేసింది.